కలిదిండి గట్ల మీంచి కొండ పందేనికి

కలిదిండి

మా కలిదిండిలో ఎత్తైనవి ఏవంటే మంచినీళ్ల ట్యాంకు ఒకటి, దాని వెనక సెల్ టవరు ఒకటి. మిగతాదంతా చేపల చెరువులు, చెరువుల గట్లు, గట్ల మీద కొబ్బరి చెట్లు. ఇలాంటి ఊళ్లో ఉంటూ కొండల్లో జరిగే సైకిలు పందేనికి వెళ్లొచ్చానని చెబితే, విన్నవాళ్లు ముందు నా మొహం చూశారు, తర్వాత నా మోకాళ్లు చూశారు. మోకాళ్లు చూడడం న్యాయమే. వాటి మీద అప్పటికింకా పసుపు రాసి ఉంది.

నేనిక్కడ హైస్కూల్లో ఆటల టీచర్ని. సొంతూరు తాడేపల్లిగూడెం. తెలుగు చెప్పే మేరీ టీచరు, నేను ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో అద్దెకున్నాం. మేరీకి పెళ్లయి విశాఖపట్నం వెళ్లిపోయింది. ఆ తర్వాత నాకు సాయంత్రాలు మిగిలిపోయాయి. స్కూలు అయిపోతుంది, ఇంటికొస్తాను, ఒక్కదానికి బియ్యం కడిగి పెడతాను, ఇంకా వెలుతురు ఉంటుంది. ఊళ్లో అందరూ గౌరవంగా చూస్తారు. టీచరుగారండీ, ఎలా ఉన్నారండీ, ఇలా కూర్చోండండీ. మేరీ వెళ్లాక నన్ను ‘నువ్వు’ అని పిలిచే మనిషి మాత్రం ఊళ్లో ఒక్కరూ లేకుండా పోయారు.

ఆ ఖాళీలోకి సైకిలొచ్చింది. వేసవి సెలవుల్లో గూడెం వెళ్లినప్పుడు తెలిసిన షాపులో ఒక గేర్ల సైకిలు చూశాను. లావు టైర్లు, ముందు స్ప్రింగులు, కర్రలాంటి తిన్నని హ్యాండిలు. ఎవరో ఇంజినీరింగ్ విద్యార్థి మోజుపడి కొని, మోజు తీరాక అమ్మేశాడట. ఇరవయ్యొక్క గేర్లున్నాయని షాపతను గొప్పగా చెప్పాడు. కలిదిండిలో ఒక్కటి చాలు. మిగతా వాటిని కదిపే అవసరం నాకు రెండేళ్లలో ఒక్కసారీ రాలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

సాయంత్రాలు గట్ల మీద తొక్కేదాన్ని. ఇటు చెరువు, అటు బోదె కాలవ, మధ్యలో బంకమట్టి దారి. వాన పడితే వెన్నపూసే. కొల్లేరులో చెరువుల గట్లు ప్రభుత్వం తెగ్గొట్టించిన మరుసటి ఏడాది అది. సరస్సు వైపు వెళ్తే గట్టు మధ్యలో గండ్లు ఉండేవి. సైకిలు భుజాన వేసుకుని దిగి, అటుపక్క ఎక్కేదాన్ని. దీన్నే బయట మౌంటెన్ బైకింగ్ అంటారని, దానికి పందేలు కూడా ఉన్నాయని ఒకరోజు పేపర్లో చదివాను. జంగారెడ్డిగూడెం దాటాక కొండల్లో మొదటిసారి పెడుతున్నారట. కింద ఫోన్ నంబరు ఉంది. చేశాను.

పందెం నడిపే రవిబాబుగారికి అక్కడ ఆయిల్ పామ్ మొక్కల వ్యాపారం. మాట మెత్తన.

“ఆడవాళ్లకి విడిగా ఉందా అండీ?” అని అడిగాను.

“ఇద్దరుంటే పెడతామండీ. రాజమండ్రి నుంచి వసంతగారని ఒకావిడ పేరిచ్చారండీ. మీరూ వస్తే ఇద్దరండీ.”

ఆ మాటతో నాకు పందెం సంగతి వెనక్కిపోయి వసంత ముందుకొచ్చింది. నాలాగే ఎక్కడో ఒంటరిగా తొక్కుకుంటున్న ఇంకో ఆడమనిషి. మా మధ్య పరిచయం అయిపోయినట్టు, ఉత్తరాలు రాసుకుంటున్నట్టు, సెలవులకి ఆవిడ కలిదిండి వస్తే గట్ల మీద తిప్పుతున్నట్టు ఊహించేశాను. ఆవిడ కోసం రొయ్యల పచ్చడి పెట్టి ప్లాస్టిక్ సీసాలో బిగించాను. గెలవాలని కాదు, ఆవిడ పక్కన సైకిలు తొక్కాలని బయల్దేరాను. సరిగ్గా చెప్పాలంటే నా ఆశ అంతే.

గట్టు దారి

బస్సులో వెళ్లొచ్చు. కాని సైకిలు పందేనికి సైకిలు మీద వెళ్లడమే పద్ధతని నాకు నేనే తీర్మానించుకున్నాను. పొద్దున్నే గట్టెక్కితే ఎదురుగా చేపలకి మేత వేసే సుబ్బారావుగారు సైకిలుకి రెండు వైపులా తవుడు బస్తాలు వేలాడేసుకుని వస్తున్నారు.

మా గట్ల మీద ఒక మర్యాద ఉంది. ఎదురుగా బరువుతో ఎవరైనా వస్తే ఖాళీగా వచ్చేవాళ్లు సైకిలు దిగాలి. దిగి, హ్యాండిలు నీళ్ల వైపు తిప్పి, ఏటవాలులోకి రెండడుగులు వేసి నిలబడాలి. గట్టు నడిమి బరువున్నవాళ్లది. వంద ఎకరాల చెరువున్న రైతైనా తవుడు బస్తాకి దారివ్వాల్సిందే. రెండేళ్లలో ఇది నా ఒంటికి పట్టేసింది. బుర్రతో పని లేకుండా కాళ్లే దిగుతాయి.

“ఎక్కడిదాకా అండీ టీచరుగారండీ?”

“జంగారెడ్డిగూడెం అండీ. సైకిలు పందెం ఉంది.”

ఆయన బస్తాలు ఊగకుండా సైకిలు నిలబెట్టారు. “ఎవరితో అండీ పందెం?”

“ఇంకొకావిడ ఉన్నారండీ,” అన్నాను. అలా చెప్పడం నాకు బాగుంది.

కొల్లేరు మీదుగా

కైకలూరు దాటి ఏలూరు రోడ్డు పట్టుకుంటే కాసేపటికి సరస్సు మొదలవుతుంది. తెగిన గట్లు నీళ్లలోంచి ముక్కలు ముక్కలుగా లేచి ఉన్నాయి. వాటి మీద గూడబాతులు సంచి గొంతులు వేలాడేసుకుని, పనిలేని పెద్దమనుషుల్లా కూర్చున్నాయి. అవి కూడా జతలు జతలుగానే ఉన్నాయి.

వంతెన దగ్గర టీ తాగాను. బడ్డీ నడిపే ఆవిడ పొయ్యి మీద చేపల పులుసు కూడా పెట్టింది. వాసన చూసి పొద్దున్నే అన్నం పెట్టమన్నాను. మా వైపు పులుసులో బెల్లం ముక్క వేస్తారు, ఈవిడ వేయలేదు. చింతపండు నాలిక మీద నిలబడింది. అన్నం వడ్డిస్తూ అడిగింది, “ఒక్కరే వచ్చారా అండీ?”

“ఒక్కదాన్నేనండీ.”

“అయ్యో,” అని ఇంకో చేప ముక్క వేసింది.

ఈ ప్రశ్న నాకు దారంతా ఎదురైంది. పంక్చరు వేసినతను అడిగాడు, కొబ్బరిబోండాలమ్మే ఆయన అడిగారు, రోడ్డు పక్క బర్రెలు కాస్తున్న తాతగారు అడిగారు. అందరూ మర్యాదగానే అడిగారు. అందరికీ ఒకటే జవాబు చెప్పి చెప్పి, మధ్యాహ్నానికి ఆ మాట నోట్లో చేదుగా తగలడం మొదలుపెట్టింది.

ఆ బడ్డీ ఆవిడ భర్తకి సరస్సులో చెరువు వాటా ఉండేదట. గట్టు తెగ్గొట్టాక ఆయన హైదరాబాదులో వాచ్‌మన్‌గా చేరాడు. “నేనూ ఒక్కదాన్నేనండీ ఇప్పుడు,” అంది చెయ్యి కడుక్కోవడానికి నీళ్లు పోస్తూ. ఇంకా ఏదైనా మాట్లాడాలని ఉంది మా ఇద్దరికీ. ఇంతలో లారీ వాళ్లు టీకి దిగారు.

ఏలూరు

ఏలూరులో బస్టాండు దగ్గర లాడ్జికి వెళ్లాను. కౌంటర్లో కూర్చున్నాయన నన్ను చూశాడు, నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని చూశాడు, సైకిలు చూశాడు.

“ఒంటరి ఆడవాళ్లకి రూము ఇవ్వమండీ. ఏమీ అనుకోకండి.”

“నేను గవర్నమెంటు టీచర్నండీ,” అన్నాను.

“అందుకే అండీ, మర్యాదగా చెప్తున్నాను.”

కోపమొచ్చి సైకిలు బయటికి తిప్పాను. నా ట్రైనింగ్ రోజుల్లో పరిచయమైన రూతమ్మగారు ఒక మిషన్ హాస్టల్లో మేట్రన్‌గా ఉన్నారని గుర్తొచ్చి అక్కడికి వెళ్లాను. ఆవిడ నన్ను గుర్తుపట్టి చాలా సంతోషించారు. హాస్టల్లో సున్నాలు వేస్తున్నారు, అమ్మాయిల్ని వేరే భవనంలోకి మార్చారు. పెద్ద హాలు తలుపు తీసి, “ఏ మంచమైనా తీసుకోమ్మా, అన్నీ నీవే,” అన్నారు.

హాల్లో మంచాలు రెండు వరసల్లో గోడ నుంచి గోడ దాకా ఉన్నాయి. ఒక్క దాని మీదా పరుపు లేదు. కిటికీ పక్కది ఎంచుకున్నాను. తర్వాత అది నచ్చక మధ్యలోకి మారాను. అదీ నచ్చలేదు. చివరికి గోడ మూలకి వెళ్లి, పక్క మంచాన్ని నా మంచానికి ఆనించి, దాని మీద నా సంచి పెట్టి పడుకున్నాను. సంచిలో పచ్చడి సీసా ఉంది. సున్నం వాసన, పచ్చడి వాసన కలిసి వస్తుంటే వసంత ఇప్పుడేం చేస్తూ ఉంటుందో అనుకున్నాను. సైకిలుకి నూనె పెట్టుకుంటూ ఉంటుందని తేల్చుకుని నిద్రపోయాను.

తడికలపూడి ఎత్తు

ఏలూరు దాటి ఉత్తరానికి వెళ్తుంటే మట్టి రంగు మారుతుంది. నల్లమట్టి పోయి ఎర్రమట్టి వస్తుంది. వరి పోయి మొక్కజొన్న, పామాయిలు తోటలు, జీడిమామిడి, పొగాకు వస్తాయి. డెల్టా వాళ్లకి ఇదంతా వేరే దేశమే. నీళ్లు కాలవలో కాకుండా బోరులోంచి వస్తాయి. కూరల్లో కారం ఎక్కువ. టీ చిన్న గ్లాసులో పోసి మా వైపు ధరే తీసుకుంటారు.

తడికలపూడి దగ్గర రోడ్డు ఎత్తెక్కడం మొదలైంది. ఇన్నాళ్లకి గేరు మార్చే యోగం పట్టిందని సంతోషంగా మీట నొక్కాను. కదల్లేదు. రెండు చేతులతో నొక్కాను. కదల్లేదు. దిగి చూస్తే తీగ మొత్తం తుప్పుపట్టి గొట్టంలో బిగుసుకుపోయింది. రెండేళ్ల కొల్లేరు తేమ, బంకమట్టి కలిసి ఆ గేర్లన్నిటినీ ఒక్కదాని దగ్గర కట్టేశాయి. పల్లపు వాళ్లు తప్ప ఈ తెలివితక్కువ పని ఎవరూ చేయరు.

పక్కనే పొగాకు బ్యారన్ ఉంది. ఆకు ఆరబెట్టే పొడుగాటి ఇటుక గది అది. కింద పొయ్యి మండుతోంది. నీడలో ఆడవాళ్లు వరసగా కూర్చుని పచ్చాకును కర్రలకు అల్లుతున్నారు. కిరసనాయిలు కావాలని అడిగితే ఒకావిడ సీసాతో తెచ్చిచ్చింది. నేను తీగ ఊడదీసి, కిరసనాయిలు పోసి, గుడ్డతో లాగి లాగి తుడుస్తుంటే వాళ్ల చేతులు అల్లుతూనే ఉన్నాయి, ప్రశ్నలు వస్తూనే ఉన్నాయి. పెళ్లయిందా అండీ, పిల్లలెందరండీ, మీవాళ్లు ఎలా పంపించారండీ.

“ఎవరూ పంపలేదండీ, నేనే వచ్చాను,” అన్నాను.

అల్లే చేతులు ఒక్క క్షణం ఆగాయి. “అదృష్టమండీ,” అంది ఒకామె. “పాపమండీ,” అంది పక్కామె. రెండూ నిజమే అనిపించింది. గేరు కదిలింది గాని, అన్నీ కదల్లేదు. మధ్యలో ఓ మూడు పనిచేశాయి. వాటితోనే ఎత్తెక్కాను.

జంగారెడ్డిగూడెం

హైదరాబాదు నుంచి, విశాఖపట్నం నుంచి వచ్చిన కుర్రాళ్లు స్కూలు హాల్లో దిగారు. వాళ్ల హెల్మెట్లు, చేతి తొడుగులు, నున్నటి బట్టలు చూసి నా పంజాబీ డ్రెస్సును చున్నీతో నడుముకి బిగించుకున్నాను. నాకు హెడ్మాస్టరు గది ఇచ్చారు. విశాఖ అబ్బాయి ఒకడు నా టైరు నొక్కి చూసి, “గాలి తగ్గించండి మేడం, రాళ్ల మీద ఎగిరిపడతారు,” అని తనే తగ్గించాడు. దిగేటప్పుడు వెనక బ్రేకు ముందు పట్టాలని, సీటు మీద కూర్చోకూడదని చెప్పాడు. కలిదిండిలో బ్రేకు అంటే చెప్పు నేలకి రాయడమేనని వాడికి చెప్పలేదు.

“వసంతగారు వచ్చారా అండీ?” అని రవిబాబుగారిని అడిగాను.

“పొద్దున్నే బస్సుకి వస్తారండీ.”

పొద్దున మొదటి బస్సు వచ్చింది, రెండోదీ వచ్చింది. పందెం మొదలుపెట్టే మైదానంలో షామియానా కింద బల్ల మీద కప్పులు పేర్చారు. ఆడవాళ్లవి రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రవిబాబుగారు ఫోను చెవికి ఆనించుకుని దూరంగా వెళ్లారు. తిరిగొచ్చేటప్పుడు ఆయన నడక చూసే నాకర్థమైంది.

“వాళ్లింట్లో ఒప్పుకోలేదటండీ. అత్తగారికి బాగోలేదన్నారు గాని, అది కాదు లెండి.” ఆయన నిజంగా బాధపడ్డారు. పెద్ద కప్పు చేతిలోకి తీసుకుని మెల్లగా అన్నారు, “మీరొక్కరే కాబట్టి ఫస్టు మీదేనండీ. ఆ కొండెక్కడం ఎందుకండీ? మైదానం చుట్టూ రెండు రౌండ్లు తొక్కండి, చాలు. అందరం చప్పట్లు కొడతాం.”

నేను వచ్చిందే ఆవిడ కోసం. ఆవిడే లేకపోతే కొండతో నాకేం పని? ఒక్క నిమిషం ఆయన చెప్పినట్టు చేసేసి బస్సెక్కేద్దామనుకున్నాను. కాని మైదానం చుట్టూ తిరగడానికైతే మా స్కూల్లోనే మైదానముంది. రోజూ తిరుగుతూనే ఉన్నాను.

“కొండే ఎక్కుతానండీ,” అన్నాను. “ఎంతసేపు ఆగుతారు?”

“మధ్యాహ్నం భోజనాల దాకా ఆగుతామండీ.”

కొండ

విజిల్ ఊదారు. కుర్రాళ్లందరూ ఒక్కసారి లేచి వెళ్లిపోయారు. ముందు వాళ్ల వీపులు కనిపించాయి, తర్వాత వాళ్ల దుమ్ము కనిపించింది, తర్వాత అదీ లేదు. పొదలకి కట్టిన ఎర్ర గుడ్డ ముక్కలే దారి చూపించాలి. మొదటి మలుపులోనే ఎత్తు మొదలైంది. నాకున్న మూడు గేర్లలో చివరిది వాడాను, నిలబడి తొక్కాను, తర్వాత దిగి తోశాను. పక్కన ఎవరో నడుస్తున్నట్టు అనుకుని రెండుసార్లు తిరిగి చూశాను. వీపు మీద సంచిలో పచ్చడి సీసా కదులుతోంది. దాన్ని గదిలో వదిలి రావడానికి మనసు రాలేదు.

పైకెక్కాక ఆగి చూస్తే దక్షిణాన దూరంగా పొగమంచులో మా వైపు భూమంతా బల్లపరుపుగా పరుచుకుని ఉంది. అక్కడెక్కడో నా ఇల్లు, తాళం వేసి ఉంది. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా. చూసేవాళ్లు లేరు కాబట్టి తొందరగా తుడుచుకోవాల్సిన పని లేకపోయింది.

కొండ నెత్తి మీద దారి సన్నగా, మా గట్టు వెడల్పే ఉంది. ఇది నాకు తెలిసిన పనే అనుకుని ఎక్కి తొక్కాను. మొదటిసారి సైకిలు నా మాట వింది. అంతలో మలుపులో ఎదురుగా నెత్తిన కట్టెల మోపుతో ఒకామె వస్తోంది. నా కాళ్లు నన్నడగలేదు. దిగాను, హ్యాండిలు పక్కకి తిప్పాను, గట్టు మీదలాగే ఏటవాలులోకి రెండడుగులు వేశాను.

అక్కడ ఏటవాలు లేదు. రెండో అడుగు గాల్లో పడింది. నేనూ సైకిలూ రాళ్లతో సహా జారి, కింద ఒక ముళ్లపొదలో ఆగాం.

పైన మోపు దబ్బున దించిన చప్పుడైంది. ఆమె చెట్టు వేరు పట్టుకుని దిగి, ముందు నన్ను పైకి లాగింది, తర్వాత సైకిలు లాగింది. ముందు చక్రం అప్పడంలా వంగిపోయింది. మోకాళ్లు గీరుకుపోయాయి. నా చేతిలో ముళ్లు తీస్తూ అడిగింది, “ఎందుకు దిగేవు నువ్వు?”

“నీ నెత్తిన బరువుంది కదా,” అన్నాను. “మా ఊళ్లో బరువున్నవాళ్లకి దారిస్తాం.”

“ఇందాకటి పిల్లలందరూ తప్పుకో తప్పుకో అని అరుచుకుంటా పోయారు. నేనే పొదలోకి తప్పుకున్నాను. నువ్వేమో లోయలోకి దిగేవు.” నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది.

ఆమె పేరు ముత్తమ్మ. కోయగూడెం మనిషి. మైదానం పక్కన వారం వారం జరిగే సంతకి కట్టెలు తీసుకెళ్తోంది. మైదానం వైపు ఎలా దిగుతావని అడిగితే, ఈ మలుపులోనే కిందికి కాలిబాట ఉందంది. ఆమె మాటల్లో ఒక్క అండీ లేదు. మొదటి మాట నుంచీ నువ్వే. ఎన్నాళ్లకో నన్నొక మనిషి నువ్వు అంది, అందులోనూ తిడుతూ అంది. నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ముత్తమ్మ కొంగులో కట్టుకున్న జొన్నరొట్టె విప్పింది. నేను సంచిలోంచి పచ్చడి తీశాను. సీసాకి ఏమీ కాలేదు. రొయ్య ఒకటి నోట్లో వేసుకుని కాసేపు నమిలింది.

“ఇది ఏటి రొయ్య కాదు.”

“చెరువు రొయ్య. మా కొల్లేరుది.”

“నీ కోసం పెట్టుకున్నావా?”

“వసంత అని ఒకామె కోసం పెట్టాను. రాలేదు.”

“ఎందుకు రాలేదు?”

“ఇంట్లో పంపలేదట.”

ముత్తమ్మ తలూపి ఇంకో రొయ్య తీసుకుంది. వసంత గురించి నేను అంతవరకు ఎవరికీ చెప్పని ఊహలన్నీ ఆమెకి చెప్పేశాను. ముఖం చూడని మనిషికి పచ్చడి పెట్టావా అని ఆశ్చర్యపోయిందే గాని, వెక్కిరించలేదు.

ఎర్ర గుడ్డలు

లేచి, మోపు ఆమె నెత్తికెత్తాను. నా సైకిలు నేను భుజానికెత్తుకున్నాను. ఇప్పుడు ఇద్దరం బరువుతోనే ఉన్నాం కాబట్టి ఎవరూ దిగాల్సిన పని లేదు. మలుపు దగ్గర దారి రెండుగా చీలింది. కాలిబాట తిన్నగా కిందికి, ఎర్ర గుడ్డల దారి వాగు చుట్టూ తిరిగి.

“ఇటు రా, తొందరగా దిగిపోతాం,” అంది ముత్తమ్మ.

“నేను గుడ్డల వెంట పోవాలి. లేకపోతే పందెం లెక్కలోకి రాదు.”

“ఎవరితో పందెం? అందరూ ఎప్పుడో పోయారుగా?”

నేను సైకిలు భుజాన సర్దుకుని గుడ్డల వైపు తిరిగాను. ఆమె ఒక్క క్షణం చూసి, “సరే పో. నేను కేకేస్తాను, నువ్వు పలుకు. అడివిలో విడిపోతే మేం అలాగే పోతాం,” అంది.

వాగు వైపు దిగాను. వంకర చక్రం బ్రేకుకి తగలకుండా బ్రేకు తీగ ఊడదీశాను. మెత్తటి ఇసుక వచ్చిన చోట ఎక్కి తొక్కాను, రాళ్లొచ్చిన చోట మోశాను. కాసేపటికి చెట్ల వెనక నుంచి పొడుగ్గా “ఓ...” అని వినిపించింది. నేనూ “ఓ...” అన్నాను. మైదానంలో వందమంది పిల్లల్ని వరసలో నిలబెట్టే గొంతు నాది. అది ఇలా కూడా పనికొస్తుందని తెలియదు. మళ్లీ కేక వినిపించింది, ఈసారి కాస్త కింద నుంచి. అలా దారంతా ఆమె పిలిచింది, నేను పలికాను. కాళ్లు నొప్పిగానే ఉన్నాయి గాని, వెనక్కి తిరిగి చూసే అలవాటు ఎప్పుడు పోయిందో గమనించలేదు.

మైదానంలోకి వచ్చేసరికి భోజనాలు అయిపోయాయి. షామియానా సగం విప్పేశారు. కుర్రాళ్ల వ్యాన్లు వెళ్లిపోయాయి. ముగ్గుపిండితో గీసిన గీత దగ్గర రవిబాబుగారు ఒక్కరే కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఆయనకి కాస్త ఎడంగా మోపు దించుకుని, దాని మీద ముత్తమ్మ కూర్చుంది. సంతకి ఆలస్యమవుతున్నా వెళ్లలేదు.

వంకర చక్రంతోనే ఎక్కి, ఊగుతూ తూగుతూ గీత దాటాను. రవిబాబుగారు లేచి ఒంటరిగా చప్పట్లు కొట్టారు. పాపం, ఇచ్చిన మాట తప్పలేదు.

“వెనక ఇంకెవరైనా ఉన్నారా అండీ?”

“వెనకెవరూ లేరండీ. నా ముందు ఒకరొచ్చారు,” అని ముత్తమ్మని చూపించాను. “పెద్ద కప్పు ఆవిడకివ్వండి.”

ఆయన ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. “ఆవిడకి సైకిలు లేదు కదండీ.”

“నాకూ సగం దూరం లేదండీ. నా మీదే అది ఉంది.”

రవిబాబుగారు పెద్దమనిషి. ఇంకో మాట లేకుండా పెద్ద కప్పు ముత్తమ్మ చేతిలో పెట్టారు, చిన్నది నాకిచ్చారు. ముత్తమ్మ కప్పుని తిప్పి చూసింది. అడుగు చూసింది, వేలితో కొట్టి మోత విన్నది.

“దీనికి మూత లేదు,” అని ఆయనకి తిరిగిచ్చేసింది. నా వైపు తిరిగి, “నీ పచ్చడి సీసా ఇయ్యి. ఇంకా సగం ఉంది,” అంది.

ఇచ్చేశాను. సీసా కొంగులో కట్టుకుని, మోపెత్తమని తల వంచింది. ఎత్తాను. వెళ్తూ వెళ్తూ వెనక్కి చూడకుండానే, “ఈసారి లోయలోకి దిగకు,” అంది. జనంలో ఆమె మోపు కనిపించినంతసేపూ నిలబడి చూశాను. పెద్ద కప్పుని రవిబాబుగారు వచ్చే ఏడాదికి పనికొస్తుందని పెట్టెలో పెట్టేశారు.

తాడేపల్లిగూడెం

సైకిలు బస్సు మీదికెక్కించి గూడెం వచ్చాను. సైకిలు అమ్మిన షాపతను చక్రం చూసి, దేనికి గుద్దారండీ అని అడిగాడు. “మర్యాదకి పోయి,” అన్నాను. అతనికి అర్థం కాలేదు, వివరంగా చెప్పే ఓపిక నాకు లేదు. చక్రం బిగించాక, ఊరి పక్కన యుద్ధకాలంలో విమానాలకి వేసి వదిలేసిన పాత రన్‌వే మీదికి తీసుకెళ్లి తొక్కి చూశాను. కంటికి ఆనినంత దూరం తిన్నగా, ఖాళీగా ఉంది. ఎవరో భార్యకి స్కూటర్ నేర్పిస్తూ వెనక పరిగెడుతున్నాడు. మధ్యలో ఆగి, ఎవరూ వినరనుకుని, మెల్లగా “ఓ...” అన్నాను. ఎవరూ పలకలేదు. పలకరని తెలుసు. అయినా ఇంకాసేపు చెవి ఒగ్గి నిలబడ్డాను.

మళ్లీ కలిదిండి

ఇల్లు వదిలి వెళ్లినట్టే ఉంది. గూట్లో చిన్న కప్పు పెట్టి, ఒక్కదానికి బియ్యం కడిగాను. మార్పేమీ లేదు. మేరీ లేదు, వసంత ఎలా ఉంటుందో ఇప్పటికీ తెలియదు, ముత్తమ్మకి ఫోను లేదు.

సోమవారం స్టాఫ్ రూములో హెడ్మాస్టరుగారు నా మోకాళ్ల మీద పసుపు చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

“పందెం ఎలా జరిగిందండీ? ఆడవాళ్లెంతమంది?”

“ఇద్దరం అండీ.”

“మీకెన్నో ప్లేసొచ్చిందండీ?”

“రెండోదండీ.”

ఆయన లెక్కల మాస్టరు కూడా. తీసివేత చేసి నవ్వారు. “అయితే ఆఖరే కదండీ.”

“ఆఖరేనండీ,” అన్నాను. “ఆఖరు రావాలన్నా, ముందు ఇంకొకరుండాలి కదండీ.”